శాలిబండలో రెండో గుల్‌దాన్

హైదరాబాదు వెళ్ళివచ్చానని చెబితే మా ఏలూరులో ఎవరైనా అడిగేవి మూడే ప్రశ్నలు. చార్మినారు ఎక్కావా, మ్యూజియంలో గంట కొట్టే బొమ్మను చూశావా, ముత్యాలు ఏ ధర చెప్పారు? మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. వారం రోజులు పాతబస్తీలో ఉండి కూడా చార్మినారును రిక్షాలోంచే చూశాను, అదీ వెనకవైపు నుంచి. నేను వెళ్ళింది పూలకూజాల కోసం.

నవ్వేవాళ్ళు నవ్వండి. ఆ యేడాదే కొత్త ఇల్లు కట్టుకున్నాం. హాలులో వీధి తలుపుకు చెరోవైపు గోడలో రెండు గూళ్ళు పెట్టించాను. మా ఎదురింటి రైసుమిల్లు వారి హాలులో నిలువెత్తు పింగాణీ కూజా ఒకటి ఉంది. ఆ ఇంటావిడ అందులో ప్లాస్టిక్కు గులాబీలు గుచ్చి, కాఫీకి వచ్చినవాళ్ళందరికీ దాని పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ నాకు ఆ కూజా మీద మోజు లేదు. దానికంటే పాతది, దానికంటే మంచిది, అదీ జతగా కావాలి. నా బుద్ధి అలాంటిది, దాచుకోను. మా ఆయన మాత్రం "రెండు గూళ్ళలో రెండు కొబ్బరిబొండాలు పెట్టు, చూడ్డానికీ బాగుంటాయి, తాగడానికీ పనికొస్తాయి" అన్నారు. అలాంటి మనిషిని వెంట తీసుకుపోయి లాభం లేదని, దీపావళికి చెల్లెలి ఇంటికి వెళ్తున్నానని చెప్పి ఒక్కదాన్నే రైలెక్కాను.

లాల్‌దర్వాజా

మా చెల్లెలు సుభద్ర కాపురం లాల్‌దర్వాజాలో, అమ్మవారి గుడి దగ్గరి సందులో. మరిదిగారు సర్కారు ఆఫీసులో గుమాస్తా. రెండు గదుల వాటా. వంటింట్లో నిలబడి చేయి చాపితే పక్కవాళ్ళ వంటింటి కిటికీ తగులుతుంది. స్టేషను నుంచి వచ్చిన రిక్షా అతను మూడు రూపాయలు అడిగాడు. నేను రెండు ఇచ్చాను. అతను ఉర్దూలో ఏదో అన్నాడు. తిట్టో దీవెనో తెలియక మరో పావలా చేతిలో పెట్టాను.

నేను వెళ్ళిన రోజుల్లో ఆ సందుకు కళ లేదు. కొన్ని వారాల కిందట అక్కడేదో గొడవ జరిగి చల్లారిందట. మూలమీద పోలీసుల గుడారం ఇంకా తీయలేదు. దీపావళి సరుకు పెట్టుకున్న బండ్ల దగ్గర కొనేవాళ్ళ కంటే చూసేవాళ్ళే ఎక్కువ. పిల్లలు ఒక్కో టపాకాయ విడదీసి దాచుకుని కాల్చుకుంటున్నారు. మా వైపు పొద్దుగూకితే ఆడవాళ్ళు అరుగుల మీదికి వస్తారు. ఇక్కడ పొద్దుగూకితే తలుపులు పడతాయి.

కానీ మనుషులు మంచివాళ్ళు. పక్కవాటాలో యాదగిరి అని బస్సు డిపోలో మెకానిక్కు. నేను దిగిన గంటలోపే అతని భార్య రెండు జొన్నరొట్టెలూ గోంగూర తొక్కూ పంపింది. సుభద్ర ఆ గిన్నె కడిగి, ఆవకాయ వేసి తిరిగి ఇచ్చింది. గిన్నెను ఉత్తది పంపకూడదన్న నియమం ఇక్కడా ఉందని తెలిసి సంతోషించాను.

మా సుభద్రకు నియమాలు మెండు. పాతసామాను కొనడానికి వచ్చానని తెలియగానే ముఖం చిట్లించింది.

"ఎవరింటిదో ఏమిటో అక్కా. ఏ చావు చూసిందో, ఏ మైల తగిలిందో. అలాంటివి కొత్త ఇంట్లో పెడతావా?"

"కడిగి పెడతాలేవే" అన్నాను. ఆ మాట ఊరికే అన్నాను.

యాదగిరి మాత్రం వెంటనే అందుకున్నాడు. "గీ కొత్త దుకాణాలల్ల దొరకయి అక్కా. చార్మినార్ ఎనక గల్లీల ఒక ముసలాయన ఉన్నడు. దేవిడీలల్లకెళ్ళి సామానంత ఆయన దగ్గరికే వస్తది. రేపు నాకు ఛుట్టీ, నేనే తోలుకపోత."

దేవిడీ అంటే పాతకాలపు జాగీర్దార్ల పెద్ద లోగిలి. జాగీర్లు పోయాయి. లోగిళ్ళు నిలబడి ఉన్నాయి గానీ లోపలి సామాను ఒక్కొక్కటే గుమ్మం దాటి వస్తోందని అతని మాటల్లో తెలిసింది.

చార్మినారు వెనక గల్లీ

దుకాణం ఒక గుహలా ఉంది. వేలాడే షాండ్లియర్ల గాజు చుక్కలన్నీ ఊడదీసి ఇనుప బకెట్టులో పోశారు, కిలోల లెక్కన అమ్మడానికి. చెవుల్లేని పింగాణీ కుక్క, గొంతు పోయిన గ్రామఫోను, ఒక మూలన గుట్టగా ఫోటో ఫ్రేములు. చెక్కపని బాగుందని ఒకటి తీసి చూస్తే లోపల ఇంకా ఫోటో ఉంది. తలపాగా పెట్టుకున్న పెళ్ళికొడుకు, పక్కన ముఖం సగం కప్పుకున్న పిల్ల.

"ఎంత?" అన్నాను.

ముసలాయన కళ్ళజోడు పైకి జరుపుకున్నాడు. "ఫోటో తీసేస్తె ఎనిమిది. ఉంటె ఏడు."

"వీళ్ళెవరు?"

"ఎవరికెరుక అమ్మా. నవాబ్‌సాబ్ గావచ్చు, నవాబ్‌సాబ్ వంటాయన గావచ్చు. ఇప్పుడు ఇద్దరూ ఒకటే."

ఆ ఫ్రేము మళ్ళీ గుట్టలో పెట్టేశాను. నా గూళ్ళలో పెట్టడానికి ఏమైనా చూపించమన్నాను. వెడల్పు మూతి, సన్న నడుము ఉన్న వెండిపూత పాత్ర ఒకటి నాకు తెగ నచ్చింది. చామంతులు పెడితే ఎంత బాగుంటుందో అని యాదగిరితో అంటుంటే ముసలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. అది పాన్ తిని ఉమ్మడానికట! మన తమ్మపడిగ. దాన్ని హాలులో పెట్టి ఎదురింటావిడకు చూపించి ఉంటే నా బతుకు ఏమయ్యేదో తలచుకుని నేనూ నవ్వాను. ఆ ప్రయాణంలో నేను మనసారా నవ్వింది ఆ ఒక్కసారే.

అప్పుడు తీశాడు గుల్‌దాన్. పూలకూజాను అక్కడ అలాగే అంటారు. మోచేతి పొడవు, గుండ్రని పొట్ట, సన్నని మెడ. ఒళ్ళంతా అమావాస్య నలుపు. ఆ నలుపులో సన్నటి వెండి తీగెలతో గసగసాల పూలు, ఆకులు. బిద్రీ పని అన్నాడు. నలుపు రంగు పూసింది కాదనీ, బీదరు కోట మట్టితో లోహానికే పట్టించిందనీ చెప్పాడు. రెండొందలు చెప్పి నూట అరవైకి ఇచ్చాడు. అంతకు తగ్గలేదు.

"నీళ్ళు తగలనియ్యకుండ్రి. కొబ్బరినూనె గుడ్డతోని తుడిస్తె చాలు" అని కాగితంలో చుట్టాడు.

"దీని జత లేదా?" అన్నాను.

"ఉన్నది. శాలిబండల రాయ్‌సాబ్ ఇంట్ల. ఇది గూడ ఆడ్నుంచే వచ్చింది."

"అది ఇస్తారా?"

"ఇయ్యాల ఇయ్యకుంటె రేపిస్తడు. అందరిస్తరు అమ్మా" అన్నాడు ముసలాయన. కోపం, ఎగతాళి ఏమీ లేవు ఆ గొంతులో. వానొస్తుందని చెప్పినట్టు చెప్పాడు.

శాలిబండ

గుల్‌దాన్‌ను సుభద్ర ఇంట్లో దింపి, గబగబా ఇంత అన్నం తిని, యాదగిరితో శాలిబండ బయల్దేరాను. జత దొరుకుతుందన్న ఆశ అలాంటిది. దారిలో అతను ఇరానీ చాయ్ తాగించాడు. నేను డబ్బులివ్వబోతే "మా బస్తీకి వచ్చి మీరిచ్చుడేంది అక్కా" అని కసురుకున్నాడు.

రాయ్‌సాబ్ ఇంటి వాకిలి ఏనుగు పట్టేంత ఉంది. లోపల అడుగుపెడితే కుడివైపు గదుల్లో రేకుపెట్టెలు చేసేవాళ్ళు, ఎడమవైపు దర్జీలు. అన్నీ అద్దెకిచ్చిన గదులు. వచ్చే అద్దె కోర్టు పేచీలో ఉన్న ఎవరెవరో దాయాదులకు పోతుందట. వెనక రెండు గదుల్లోనే రాయ్‌సాబ్, ఆయన అక్క ఉంటారు. తమ్ముడికి అరవై దాటాయి. రంగు వెలిసిన షేర్వానీకి ఒక్కో బొత్తాం ఒక్కో రకం. మాట ఉర్దూ. మహమ్మదీయులనుకున్నాను. వాకిట్లో తులసికోట కనబడేసరికి తికమకపడ్డాను. కాయస్థులని యాదగిరి చెప్పాడు. తాతముత్తాతల నుంచి నిజాం దఫ్తర్లలో కలం పట్టిన కుటుంబాలు, మాట తురకం, పూజ మనది.

నేను వచ్చిన పని చెప్పగానే రాయ్‌సాబ్ వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"ఆహిస్తా అమ్మా, ఆహిస్తా. లోపట మా జీజీ ఉన్నది."

జీజీ అంటే అక్క. అప్పటికే లోపలి నుంచి పిలుపు వచ్చింది. "ఎవర్రా? కార్ఖానా నుంచి వచ్చిండ్రా?"

లోపలికి వెళ్ళక తప్పలేదు. చెక్క తఖ్తు మీద తెల్లచీర ముసలావిడ. రెండు కళ్ళలోనూ శుక్లాలు పాలలా ముదిరి ఉన్నాయి. గదిలో తఖ్తు కాక ఉన్నది ఒక్క ఎత్తుపీట. దాని మీద పాత కాలపు సిరాబుడ్డి, కలాలు పెట్టుకునే ఇత్తడి పెట్టె. పెట్టెకు ఎడమవైపు నా గుల్‌దాన్‌కు కవల, అదే నలుపు, అవే పూలు. కుడివైపు ఖాళీ.

"మా గుల్‌దాన్ అయ్యిందా బిడ్డా?" అంది నన్ను చూసి, అంటే నా చీర చప్పుడు విని.

"కార్ఖానావాళ్ళు కాదు జీజీ" అన్నాడు రాయ్‌సాబ్. "ఆంధ్రా నుంచి వచ్చిండ్రు. పాత ఇల్లు చూస్తమన్నరు."

"చూడనియ్ మరి. కూసుండబెట్టు." నాకు చోటు చూపించి, మళ్ళీ తమ్ముడి వైపు తిరిగింది. "ఎన్నడొస్తదట?"

"తొందర్లనే వస్తది జీజీ."

"నిన్న గూడ గిదే చెప్పినవ్."

చాయ్ వచ్చింది. పాలు లేవు, చక్కెర బదులు బెల్లం. బిస్కెట్టు ఒకటే ఉంటే రెండు ముక్కలు చేసి నాకొకటి, యాదగిరికొకటి పళ్ళెంలో పెట్టారు. దానికి ఆవిడ నొచ్చుకోనూ లేదు, సర్దిచెప్పనూ లేదు. చింత చచ్చినా పులుపు చావలేదని ఇంకొకరి విషయంలో అయితే అనేదాన్నేమో. ఆవిడ ముందు ఆ మాట నా మనసులోకి కూడా రాలేదు.

దీపావళి వెళ్ళిన విదియ నాడు వాళ్ళకు పెద్ద పండుగట. కలానికీ సిరాబుడ్డికీ పూజ చేస్తారు. ఆ రోజే అక్క తమ్ముడికి బొట్టుపెట్టి తన చేత్తో అన్నం పెడుతుంది. మనకూ ఆ విదియకు భగినీహస్త భోజనం ఉందని చెబితే ఆవిడ ముఖం విప్పారింది.

"అయితె నువ్వు గూడ ఎరుకున్నదానివే. మా నాయిన ఉన్నప్పట్నుంచి కలందాన్‌కు రెండు దిక్కుల రెండు గుల్‌దాన్లు, రెండిట్ల బంతిపూలు. ఒక్క యేడు గూడ తప్పలే. ఇల్లంత ఖాళీ అయ్యింది బిడ్డా, నాకెరుకలేదనుకుంటున్నవా? చెయ్యి జాపితె తెలుస్తది. గీ రెండు మాత్రం నేను పోయేదాక ఉండాలె. నేను పోయినంక ఏమన్న చేసుకోనీ."

రాయ్‌సాబ్ నేల చూపులు చూస్తున్నాడు. ఆ రెండింట్లో ఒకటి ఇప్పటికే లాల్‌దర్వాజాలో మా చెల్లెలి బీరువా మీద ఉంది.

వాకిట్లోకి వచ్చాక ఆ పెద్దాయన నా ముందు చేతులు జోడించాడు. వానాకాలంలో ఇంట్లో గింజ లేని రోజు దాన్ని దుకాణంలో ఇచ్చి బియ్యం తెచ్చాడట. నలుపు పట్టించడానికి కార్ఖానాకు ఇచ్చానని అక్కకు చెప్పాడు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఆవిడ అడుగుతోంది, ఇతను తొందర్లోనే అంటున్నాడు.

"విదియ నాడు ఒక్క పూట ఇయ్యండి అమ్మా. కార్ఖానా నుంచి వచ్చిందని చూపెడ్త. ఆమె మనసు కుదుటపడ్తది. పండుగ అయినంక రెండిట్ని కలిపి మళ్ల పాలిష్‌కు పంపిన్నని చెప్త. జోడీ మీరే తీస్కపోండి. ఆ ధరకే."

నేను సరే అన్నాను. జాలి వేసింది, నిజమే. జత దొరుకుతుందనీ అనుకున్నాను, అదీ నిజమే. రెండింట్లో ఏది ఎక్కువో అప్పుడు తూచుకోలేదు.

చింతపండు

ఇంటికి వచ్చేసరికి సుభద్ర నవ్వుముఖంతో ఎదురొచ్చింది.

"నువ్వొచ్చేలోపల పని అయిపోవాలని చూశానక్కా. చేతులు పడిపోయాయనుకో. ఎన్నేళ్ళ మకిలో, ఒక పట్టాన వదల్లేదు. ఇప్పుడు చూడు!"

పెరట్లో కుళాయి గట్టు మీద నా గుల్‌దాన్. తోమి తోమి, ఎండలో ఆరబెట్టింది. నానబెట్టిన చింతపండు పిప్పి, బూడిద, కొబ్బరిపీచు పక్కనే ఉన్నాయి. నలుపంతా పోయి పాత సత్తుగిన్నె రంగు తేలింది. తెల్లని ఒంటి మీద తెల్లని వెండిపూలు, వెలుగుకు ఎదురుగా పెట్టి వెతుక్కుంటే తప్ప కనబడడం లేదు.

కసిరాను. గట్టిగానే కసిరాను. అది ఏడ్చింది.

"పరాయి ఇంటి వస్తువు తోమకుండా ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా? అమ్మ ఇత్తడి బిందెలు ఎలా తోమేదో అలాగే తోమాను. నువ్వే కదా కడిగి పెడతానన్నావు!"

దాని మాటలో తప్పేముంది? మా అమ్మ ఉన్నా అదే చేసేది. మా వైపు ఏ ఆడది ఉన్నా అదే చేసేది. నూనెగుడ్డ మాట విన్నదాన్ని నేను, చెప్పకుండా పోయిందీ నేనే. ఇద్దరం కుళాయి గట్టు మీద కూర్చుని దాని వైపు చూస్తూ ఉండిపోయాం. పక్కింట్లోంచి యాదగిరి భార్య తొంగిచూసి, "మంచిగ తెల్లగ చేసినవ్ సుభద్రమ్మా" అని మెచ్చుకుని పోయింది.

బహదూర్‌పురా

మర్నాడు దీపావళి. తలంట్లు అవగానే యాదగిరితో బహదూర్‌పురా వెళ్ళాను. జంతుప్రదర్శనశాల దాటాక ఒక బిద్రీ పనివాడి ఇల్లుందని, యాదగిరి రాత్రే పోయి అడిగితే దుకాణం ముసలాయన చెప్పాడట. ఊరు ఊరంతా పండుగ బట్టల్లో జంతువులను చూడటానికి నడుస్తోంది. టిక్కెట్టు దగ్గర వరస రోడ్డు మీదికి వచ్చింది. వాళ్ళందరికీ ఎదురుగా నేను తువ్వాలులో చుట్టిన కూజాను చంకలో పెట్టుకుని నడిచాను. గోడ అవతల సింహం ఒకసారి గట్టిగా అరిచింది. యాదగిరి "దానికి గూడ పండుగనే" అన్నాడు.

పనివాడి తలుపుకు తాళం ఉంది. పొరుగింటాయన బయటికి వచ్చి చెప్పాడు. మట్టి అయిపోతే బీదరు పోయాడట. ఎప్పుడొస్తాడో తెలియదు. ఆ మట్టి లేనిదే నలుపు ఎక్కదు, ఇంకెక్కడా కుదరదు.

తిరుగుదారిలో చిల్లులు పడ్డ డబుల్ డెక్కరు బస్సులో కూర్చుంటే వాన కురిసింది. పండుగనాటి వాన. తువ్వాలు తడిసింది, నేను తడిశాను. దిగాక కాలు జారి మురుక్కాలవలో చెప్పు ఒకటి పోయింది. అమ్మకానికి పెట్టిన టపాకాయలు తడవకుండా ఒక ముసలిది తన పైటకొంగు కప్పి కూర్చుంది. ఆ ఊళ్ళో ఆ రోజు నాకు ఏదీ అందంగా కనబడలేదు.

ఉపాయం సుభద్రే చెప్పింది. చంటిపిల్లలకు కాటుక పట్టినట్టే ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి మసి పట్టింది. దాన్ని కొబ్బరినూనెలో రంగరించి, కూజా ఒంటికంతా పట్టించి, పూల మీది మసిని గుడ్డతో ఒక్కొక్క రేకే తుడిచింది. ఎదురుగా కూర్చుని నేనూ తుడిచాను. దూరం నుంచి చూస్తే పాత నలుపే అనిపించింది. దగ్గర నుంచి చూస్తే కాటుక పెట్టుకున్న పాలిపోయిన ముఖం. ఆవిడకు చూపు లేదు కదా అని ధైర్యం చెప్పుకున్నాం.

విదియ నాడు

పొద్దున్నే వెళ్ళాను. రాయ్‌సాబ్ గుమ్మంలోనే అందుకుని, లోపలికి తీసుకుపోయి ఎత్తుపీట మీద కుడివైపు పెట్టాడు. బంతిపూలు రెండింట్లోనూ ఉన్నాయి, నాలుగేసి.

"జీజీ, వచ్చింది" అన్నాడు.

ఆవిడ చేయి చాపింది. వేళ్ళు మెడ మీద నుంచి పొట్ట మీదికి, ఒక్కొక్క పువ్వు మీద ఆగుతూ దిగాయి. చివరికి "మనదే" అంది. అని వేళ్ళు దగ్గరకు తెచ్చుకుని, బొటనవేలితో రుద్దుకుంది. వాసన చూసుకుంది.

కలం పూజ జరిగింది. తరువాత తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని బొట్టు పెట్టింది. కుంకంలో మసి కలిసి ఆ బొట్టు నల్లగా పడింది. అతనికి తన నుదురు కనబడదు. నాకు కనబడుతోంది. పళ్ళెంలో నాలుగు పూరీలు, గుమ్మడికాయ కూర, కొంచెం హల్వా. మొదటి ముద్ద ఆవిడ చేత్తో తినిపించింది. అతను తలెత్తకుండా తిన్నాడు. మూకుడు నాకు కనబడుతూనే ఉంది. అందులో ఇంకేమీ లేదు. "నేను తర్వాత తింట" అంది ఆవిడ. మాట వరసకు నన్ను తినమనలేదు. అలా అనకపోవడానికి ఆవిడకెంత కష్టమై ఉంటుందో నాకు అర్థమైంది.

అతను చేయి కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ నా వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"గుల్‌దాన్ నీ తాననే ఉన్నదా బిడ్డా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "అవునమ్మా. దుకాణంలో కొన్నాను. మీదని అప్పుడు తెలియదు."

"తోమినవా?"

"మా చెల్లెలు తోమింది. చింతపండుతో."

ఆవిడ నవ్వింది. పళ్ళు లేని నవ్వు, చప్పుడు లేకుండా. "మా ఇంటికి కొత్తగ వచ్చిన పనిమనిషి గూడ ఒకపారి గట్లనే చెయ్యబోయింది. మా అమ్మ లొల్లి చేసింది చూడు..." అంటూ ఆగి, నవ్వు తీసేసింది. "అది పోయిన్నాడే నాకెరుక. ఇంట్ల బియ్యం లెవ్వు, పొద్దుమీకి వచ్చినయ్. గుల్‌దాన్ లేదు. గింత గూడ తెల్వదా నాకు?"

"మరి రోజూ ఎందుకమ్మా అడుగుతున్నారు, ఎప్పుడొస్తుందని?"

"రెండోది ఉంటదని." ఆవిడ మసి చేత్తోనే నా చేయి పట్టుకుంది. "మావోడు చెడ్డోడు గాదు. తాగడు, ఆడడు. ఆకలైతె అమ్ముతడు. గాని నేను పొద్దున లేస్తనే అడిగితె సిగ్గుపడ్తడు. ఆ సిగ్గుకు రెండోదాని మీద చెయ్యెయ్యడు. ఒక్కపూట తిందామంటడు గని దాన్ని ముట్టడు. నేనడిగినన్ని దినాలు అది ఆడ ఉంటది. ఇప్పుడు మీరిద్దరు గల్సి వచ్చిందంటిరి. జోడీ చేస్తిరి. రేపట్నుంచి నేనేం అడగాలె బిడ్డా?"

కొండనాలుకకు మందేస్తే ఉన్ననాలుక ఊడటం అంటే ఏమిటో ఆ గదిలో కూర్చుని చూశాను. ఎత్తుపీట మీద రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మా హాలు గూళ్ళలో ఎలా ఉండేవో కళ్ళకు కట్టింది కూడా. ఎదురింటావిడ ముఖం కూడా కనబడింది. దేవుడెరుగు, ఆ క్షణంలో కూడా నాకు అవి కావాలనిపించింది.

రాయ్‌సాబ్ చేయి తుడుచుకుంటూ వచ్చాడు. నుదుటి మీద నల్లబొట్టు అలాగే ఉంది. నా వైపు చూసి, పీట వైపు చూసి, అక్కతో నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"జీజీ, కార్ఖానాయన అంటున్నడు, రెండోది గూడ ఇస్తె రెండిట్ని ఒక్క రంగు చేస్త..."

"రాయ్‌సాబ్ గారూ" అన్నాను, గట్టిగా, గది అంతా వినబడేలా. "ఇది పని సరిగ్గా చేయలేదండీ. చూడండి, రంగు చేతికి అంటుకుంటోంది. దీని ఒక్కదాన్నే మళ్ళీ కార్ఖానాకు ఇవ్వాలి. రెండోదానికి ఏం కాలేదు, అది బ్రహ్మాండంగా ఉంది. దాన్ని కదపకండి."

బంతిపూలు తీసి పీట మీద పెట్టాను. నా గుల్‌దాన్‌ను తువ్వాలులో చుట్టుకున్నాను. ఆ పెద్దాయన నోరు తెరిచి, నా ముఖం చూసి, మూసుకున్నాడు. అతనికి ఎంత అర్థమైందో నాకు తెలియదు. ఆ రెండోది అమ్మితే వాళ్ళకు ఎన్నాళ్ళు గడిచేదో, అమ్మకపోతే ఎన్నాళ్ళు గడవదో అదీ నాకు తెలియదు. వచ్చేస్తూ తఖ్తు మీద ఏమైనా పెడదామని సంచీలో చేయి పెట్టాను. ఆవిడ ఆ చప్పుడు విని తల అడ్డంగా ఊపింది. చేయి వెనక్కి తీసుకున్నాను.

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఆవిడ గొంతు వినబడింది. తమ్ముడికే, కానీ నాకూ వినబడేంత గట్టిగా.

"ఎన్నడొస్తదట?"

రేకుపెట్టెల వాళ్ళ సుత్తిదెబ్బల్లో అతని జవాబు నాకు వినబడలేదు. ఆవిడ మాత్రం మళ్ళీ అడిగింది.